గడువు నుంచి భిక్షకు: కౌమారంలో నేరం చేసినవారి విడుదల – చట్టచరిత్ర పరిశీలన

ఉపోద్ఘాతం

పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో ఘోరనేరం చేసి యావజ్జీవ శిక్ష పొందిన వ్యక్తి నలభయ్యో ఏట కూడా అదే శిక్షను అనుభవిస్తూ ఉండవచ్చు. న్యాయస్థానం తీర్పు చెప్పిన నాటి మనిషి, నేడు కారాగారంలో ఉన్న మనిషి ఒకే పేరు గలవారు. ఆ ఇద్దరూ అన్ని విధాలా ఒకరేనా అన్నది వేరే ప్రశ్న. నేరం జరిగిన నాటి వయసును శిక్ష విధించేటప్పుడు లెక్కలోకి తీసుకోవడం ప్రాచీన కాలం నుంచి ఉన్నదే. శిక్ష అనుభవిస్తున్న మనిషి ఎదిగాడా, మారాడా అన్నది ఎప్పుడు, ఎవరు, ఏ ప్రమాణంతో పరిశీలించాలి అన్న ప్రశ్నను మాత్రం చట్టం ఆలస్యంగా, అదీ తడబడుతూ ఎత్తుకుంది.

ఆంధ్రదేశానికి సంబంధించినంతవరకు ఈ ప్రశ్నకు సుమారు వందేళ్ల చరిత్ర ఉంది. 1925 నాటి మద్రాసు బోర్‌స్టల్ పాఠశాలల చట్టం మొదలుకొని 2015 నాటి బాలల న్యాయ చట్టం వరకు సాగిన ఆ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. కౌమారంలో నేరం చేసినవారి విడుదల ఒక దశలో చట్టం నిర్ణయించిన గడువుగా రూపుదిద్దుకోబోయి, తరువాత ప్రభుత్వ దయకు వదిలిన విషయంగా మారిందనీ, ఇటీవలి చట్టం దానిని కొద్దిమందికి మాత్రమే తిరిగి హక్కుకు చేరువ చేసిందనీ నిరూపించడం ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

1. పదజాలంలో దాగిన చరిత్ర

విడుదలకు సంబంధించిన తెలుగు పదజాలాన్ని ముందుగా పరిశీలించడం అవసరం. వలసపాలన కాలంలో మరణశిక్ష తరువాతి స్థానం ద్వీపాంతరవాస శిక్షది. 1955 నాటి సవరణ చట్టం ద్వారా, 1956 జనవరి 1 నుంచి, దాని స్థానంలో యావజ్జీవ కారాగార శిక్ష వచ్చింది. ‘యావత్ జీవం’ అన్న సమాసంలో అర్థసందిగ్ధత ఏమీ లేదు. జీవించి ఉన్నంత కాలమూ అని దాని అర్థం. అయినా జనవ్యవహారంలో యావజ్జీవమంటే పద్నాలుగేళ్లే. కారాగారంలో పగలొక రోజు, రాత్రొక రోజు లెక్క కాబట్టి అది ఏడేళ్లతో ముగుస్తుందన్న నమ్మకం కూడా పల్లెల్లో వినిపిస్తుంది.

ఈ నమ్మకాలలో రెండవదానికి చట్టంలో ఏ ఆధారమూ లేదు. మొదటిది చట్టాన్ని పాక్షికంగా అర్థం చేసుకోవడం వల్ల పుట్టింది. యావజ్జీవ శిక్షను పద్నాలుగేళ్లకు మించని శిక్షగా మార్చే అధికారాన్ని భారత శిక్షాస్మృతి 55వ సెక్షను ప్రభుత్వానికి ఇచ్చింది. ప్రభుత్వానికి ఉన్న ఆ అధికారాన్ని జనం ఖైదీకి ఉన్న హక్కుగా భావించారు. 1961లో గోపాల్ వినాయక్ గోడ్సే వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తేల్చింది. యావజ్జీవమంటే మిగిలిన జీవితకాలమంతా అనీ, ప్రభుత్వం తగ్గిస్తే తప్ప శిక్ష దానంతటదే ముగియదనీ స్పష్టం చేసింది.

‘పెరోల్’ అన్న మాట విషయంలోనూ జాగ్రత్త అవసరం. మాట ఇవ్వడమనే అర్థం గల ఫ్రెంచి పదం నుంచి వచ్చిన ఈ మాటకు మన దేశంలో తాత్కాలిక విడుదల అని అర్థం. బంధువు మరణం, పెళ్లి, అనారోగ్యం వంటి కారణాలతో ఖైదీ కొద్ది రోజులు ఇంటికి వెళ్లి తిరిగి రావడం పెరోల్. అమెరికాలో దీనికి ఉన్న అర్థం వేరు. ఒక మండలి ఖైదీని విచారించి, షరతులతో, పర్యవేక్షణలో బయటి జీవితానికి పంపడం అక్కడి పెరోల్. దానికి దగ్గరగా మన వ్యవస్థలో ఉన్నది ముందస్తు విడుదల. పత్రికలలో ఏటా కనిపించే ‘సత్ప్రవర్తన గల ఖైదీల విడుదల’ అదే. గవర్నరు, రాష్ట్రపతి రాజ్యాంగాధికారంతో చేసేదానికి తెలుగులో స్థిరపడిన మాట క్షమాభిక్ష. ఈ సమాసంలోని ఉత్తరపదం గమనార్హం. భిక్ష అడిగినవాడికి దొరకవచ్చు, దొరకకపోవచ్చు. దొరకనప్పుడు కారణం అడిగే హక్కు అతనికి ఉండదు. ఒక సమాజం విడుదలను ఎలా భావించిందో ఈ పదమే తెలుపుతుంది.

2. బోర్‌స్టల్ ఆలోచన: పదహారు నుంచి ఇరవై మూడు

కౌమారాన్ని బాల్యం నుంచీ, యౌవనం నుంచీ వేరుచేసి చూసిన తొలి కారాగార ప్రయోగం ఇంగ్లండులో జరిగింది. 1895 నాటి గ్లాడ్‌స్టన్ కమిటీ సూచనల నేపథ్యంలో, కారాగారాల అధికారి ఎవెలిన్ రగుల్స్-బ్రైజ్ కెంట్ ప్రాంతంలోని బోర్‌స్టల్ గ్రామంలో పదహారు నుంచి ఇరవై ఒక్క ఏళ్ల లోపు ఖైదీలకు ప్రత్యేక శిక్షణ ప్రారంభించాడు. 1908 చట్టంతో దానికి శాసన రూపం వచ్చింది. ఊరి పేరే వ్యవస్థకు పేరైంది.

భారతదేశంలో అప్పటికి పిల్లల కోసం సంస్కరణ పాఠశాలల చట్టాలు (1876, 1897) ఉన్నాయి. అవి చిన్న వయసు బాలురకే పరిమితం. సర్ అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన ఏర్పడిన 1919–20 భారత కారాగారాల కమిటీ సంస్కరణను కారాగార పాలన లక్ష్యంగా ప్రతిపాదించి, బాలలనూ కౌమారులనూ పెద్ద ఖైదీలతో కలిపి ఉంచరాదని సూచించింది. మద్రాసు ప్రభుత్వం ఈ దిశలో ముందుగా నడిచింది. దేశంలోనే మొదటిదైన బాలల చట్టం 1920లో మద్రాసులో వచ్చింది. ఆ తరువాత వచ్చినదే 1925 నాటి మద్రాసు బోర్‌స్టల్ పాఠశాలల చట్టం. అప్పటి మద్రాసు రాజధానిలో భాగమైన కోస్తా, రాయలసీమ జిల్లాలకు అది వర్తించింది. రాష్ట్రం వేరుపడిన తరువాత ఆంధ్ర ప్రభుత్వం దానినే కొనసాగించింది.

ఈ చట్టంలో మూడు అంశాలు ప్రధానమైనవి. మొదటిది వయసు. శిక్ష పడేనాటికి పదహారేళ్లకు తగ్గక, ఇరవై ఒక్క ఏళ్లకు మించని వ్యక్తి కౌమార నేరస్థుడు. రెండవది కాలపరిమితి. కారాగార శిక్షకు బదులుగా న్యాయస్థానం రెండు నుంచి అయిదేళ్ల వరకు పాఠశాలలో ఉంచవచ్చు. ఇరవై మూడేళ్లు నిండిన తరువాత మాత్రం ఉంచరాదు. మూడవది నడవడిని గమనించి గడువుకు ముందే షరతులతో బయటికి పంపే లైసెన్సు పద్ధతి. పద్దెనిమిదేళ్లు దాటగానే మనిషి పూర్తిగా ఎదిగిపోతాడని ఈ చట్టం అనుకోలేదు. ఎదుగుదల ఇరవైలలో కూడా సాగుతుందనీ, శిక్షకు ఆ ఎదుగుదలతో సంబంధం ఉండాలనీ దాని అంతర్లీన భావన.

ఈ చట్టాన్ని ఆదర్శీకరించనవసరం లేదు. వలసపాలనలోని క్రమశిక్షణ దృష్టి, శ్రమను సంస్కరణగా భావించే ధోరణి అందులో స్పష్టంగా ఉన్నాయి. అయినప్పటికీ విడుదలను ఒక వయసుతో ముడిపెట్టడం ద్వారా ఖైదీకి అది ఒక గడువును చూపించింది.

3. గడువుపై వివాదం: వల్లభాపురం రవి వ్యాజ్యం

మరణశిక్షకు అవకాశం ఉన్న నేరాల విషయంలో ఈ గడువు వర్తిస్తుందా అన్నది చట్టం మొదటి నుంచీ తేల్చని సమస్య. హత్యానేరానికి యావజ్జీవ శిక్ష పడిన కౌమారుణ్ణి న్యాయస్థానం నేరుగా బోర్‌స్టల్ పాఠశాలకు పంపలేదు. తరువాత చేర్చిన 10-ఎ సెక్షను ప్రకారం ప్రభుత్వం అటువంటివారిని కారాగారం నుంచి పాఠశాలకు బదిలీ చేయవచ్చు. అలా బదిలీ అయినవారికి ఇరవై మూడేళ్లు నిండితే ఏం జరగాలి? పాఠశాలలో ఉంచడానికి వీలులేదు కాబట్టి విడుదల చేయాలా, లేక తిరిగి కారాగారానికి పంపాలా? ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మొదటి వాదన వైపు మొగ్గింది.

ఈలోగా 1978లో నేరవిచారణ స్మృతికి 433-ఎ సెక్షను చేరింది. మరణశిక్షకు అవకాశం ఉన్న నేరానికి యావజ్జీవ శిక్ష పొందిన వ్యక్తిని కనీసం పద్నాలుగేళ్లు వాస్తవంగా కారాగారంలో గడిపిన తరువాతే విడుదల చేయాలని అది నిర్దేశించింది. మారూరామ్ వ్యాజ్యంలో (1980) సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. గవర్నరు, రాష్ట్రపతులకు రాజ్యాంగం ఇచ్చిన క్షమాధికారం మాత్రం దానికి అతీతమని చెప్పింది. ఈ సెక్షనులో వయసు ప్రస్తావన లేకపోవడం ఇక్కడ గమనించవలసిన విషయం. పద్దెనిమిదేళ్లకు నేరం చేసినవాడికీ, నలభయ్యేళ్లకు చేసినవాడికీ ఒకే కొలత.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ వల్లభాపురం రవి వ్యాజ్యంలో (1984) సుప్రీంకోర్టు హైకోర్టు దృష్టిని తోసిపుచ్చింది. యావజ్జీవ శిక్ష పడి బోర్‌స్టల్ పాఠశాలకు బదిలీ అయిన కౌమారుడికి ఇరవై మూడేళ్లు నిండినంత మాత్రాన విడుదల హక్కు రాదనీ, మిగిలిన శిక్ష అనుభవించడానికి అతణ్ణి కారాగారానికి పంపవలసిందేననీ తీర్పు చెప్పింది.

చట్టవాక్యాల దృష్ట్యా ఈ తీర్పు తర్కబద్ధమైనదే. బోర్‌స్టల్ పాఠశాల శిక్షను అనుభవించే స్థలాన్ని మార్చింది గాని, శిక్షను రద్దు చేయలేదు. హత్యకు గురైన వ్యక్తి కుటుంబం దృష్ట్యా చూసినా, నేరస్థుడు ఇరవై మూడో పుట్టినరోజున యాంత్రికంగా బయటికి రావడం న్యాయంగా కనిపించదు. చారిత్రకంగా జరిగిన నష్టం మరొకటి. విడుదల వద్దన్నప్పుడు పరిశీలన అయినా ఉండాలన్న ప్రత్యామ్నాయం ఎవరికీ తోచలేదు. పాఠశాలలో ఏళ్ల తరబడి చదువు, వృత్తి నేర్చిన యువకుడి మార్పును విచారించే వేదిక ఏదీ ఏర్పడకుండానే గడువు అన్న భావన తెరమరుగైంది. మిగిలింది పద్నాలుగేళ్ల నిరీక్షణ, దాని చివర ప్రభుత్వ విచక్షణ.

4. ఉరి దగ్గర లెక్కకు వచ్చిన వయసు, విడుదల దగ్గర రాని వయసు

ఇదే కాలంలో మరణశిక్షకు సంబంధించిన న్యాయశాస్త్రం మరోవైపు నడిచింది. ఈడిగ అనమ్మ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ వ్యాజ్యంలో (1974) జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, హత్యానేరంలో ఉరిశిక్ష పడిన ఒక యువతి వయసును, అత్తవారింటి నుంచి గెంటివేతను, సామాజిక పరిస్థితిని పరిగణించి శిక్షను యావజ్జీవంగా మార్చారు. భారతీయ శిక్షా న్యాయచరిత్రలో తరచుగా ఉదాహరించే ఈ తీర్పు ఒక తెలుగు స్త్రీ జీవితం నుంచి వచ్చింది. బచన్‌సింగ్ వ్యాజ్యంలో (1980) రాజ్యాంగ ధర్మాసనం నేరస్థుడి యౌవనాన్ని శిక్ష తగ్గింపుకు తగిన పరిస్థితిగా పేర్కొంది.

1993 మార్చి 8న చిలకలూరిపేట సమీపంలో జరిగిన బస్సు దహనంలో 23 మంది ప్రయాణికులు మరణించారు. దోపిడీకి పూనుకున్న ఇద్దరు దళిత యువకులకు ఉరిశిక్ష పడింది. 1996లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచింది. వారి వయసును, పేదరికాన్ని, చంపాలన్న ముందస్తు ఉద్దేశం లేకపోవడాన్ని చూపుతూ పౌరహక్కుల సంఘాలు, రచయితలు ఉద్యమించారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్షను యావజ్జీవంగా మార్చారు. తెలుగునాట మరణశిక్షపై జరిగిన చర్చకు ఈ ఘటన కేంద్రబిందువైంది. చర్చ ప్రాణాన్ని నిలపడం వద్ద ఆగింది. నిలిచిన ప్రాణం ఎన్నేళ్లకు, ఏ పరిశీలనతో బయటి లోకాన్ని చూడాలన్న ప్రశ్న అంత బలంగా ముందుకు రాలేదు.

ముందస్తు విడుదలకు పరిశీలించవలసిన అంశాలను లక్ష్మణ్ నస్కర్ వ్యాజ్యంలో (2000) సుప్రీంకోర్టు పేర్కొంది. నేరం సమాజాన్ని విస్తృతంగా ప్రభావితం చేయని వ్యక్తిగత చర్యా, అది పునరావృతమయ్యే అవకాశం ఉందా, నేరం చేయగల సామర్థ్యం ఖైదీలో నశించిందా, ఇంకా నిర్బంధించడంలో ప్రయోజనం ఉందా, అతని కుటుంబ ఆర్థిక సామాజిక స్థితి ఏమిటి అన్నవి ఆ అయిదు. నేరం నాటి వయసు వీటిలో లేదు. ఉరికొయ్య ముందు అంతటి బరువు గల అంశం, కారాగార ద్వారం దగ్గరికి వచ్చేసరికి కొలమానాల జాబితాలోకే రాలేదు.

ఈ ఖాళీలో విడుదల ప్రధానంగా ప్రభుత్వ ఉత్తర్వుల మీద ఆధారపడింది. స్వాతంత్ర్య దినోత్సవం, గణతంత్ర దినోత్సవం, గాంధీ జయంతి వంటి సందర్భాలలో వెలువడే ఉత్తర్వులలో ఎవరిని చేర్చాలి, ఎవరిని మినహాయించాలి అన్నది ఆయా ప్రభుత్వాల నిర్ణయం. ఈ విచక్షణ ఎటు దారితీయగలదో ఈపూరు సుధాకర్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వ్యాజ్యం (2006) చూపింది. హత్యకేసులో శిక్ష పడిన వ్యక్తికి గవర్నరు ప్రసాదించిన శిక్ష తగ్గింపును సుప్రీంకోర్టు కొట్టివేసింది. అతని రాజకీయ అనుబంధాన్ని అనుకూలాంశంగా నివేదించడాన్ని తప్పుపట్టింది. క్షమాధికారం కూడా న్యాయసమీక్షకు లోబడినదేనని స్పష్టం చేసింది. భిక్ష పెట్టే చేతికి దగ్గరగా ఉన్నవాడికే అది ముందు అందుతుందన్న లోకానుభవాన్ని ఈ వ్యాజ్యం నమోదు చేసింది. కౌమారంలో జైలుకు వచ్చి, చదువూ పరిచయాలూ ఆస్తీ లేకుండానే వయసు మీరినవాడు ఆ చేతికి అందరికంటె దూరంగా ఉంటాడు.

5. పద్దెనిమిదేళ్ల గీత

బాలల చట్టాల చరిత్ర దీనికి సమాంతరంగా సాగింది. 1986 నాటి బాలల న్యాయ చట్టం బాలురకు పదహారు, బాలికలకు పద్దెనిమిదేళ్ల పరిమితి పెట్టింది. భారతదేశం 1992లో అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక (1989), పద్దెనిమిదేళ్లలోపు చేసిన నేరాలకు మరణశిక్షను, విడుదలకు అవకాశం లేని యావజ్జీవ శిక్షను 37వ అధికరణంలో నిషేధించింది. 2000 నాటి చట్టం బాలబాలికలిద్దరికీ పద్దెనిమిదేళ్లను ప్రమాణం చేసింది. నేరం ఎంతటిదైనా ప్రత్యేక గృహంలో మూడేళ్లకు మించి ఉంచరాదన్నది. ప్రతాప్‌సింగ్ వర్సెస్ జార్ఖండ్ (2005) తీర్పు నేరం జరిగిన నాటి వయసే ప్రమాణమని తేల్చింది. 2006 సవరణ ఏ దశలోనైనా, తుది తీర్పు తరువాత కూడా, బాల్యాన్ని నిరూపించుకునే వీలు కల్పించింది.

2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తరువాత ఈ గీత తీవ్ర వివాదాస్పదమైంది. ఫలితంగా వచ్చిన 2015 చట్టం, ఘోరనేర ఆరోపణ ఎదుర్కొంటున్న పదహారు నుంచి పద్దెనిమిదేళ్లవారిని ప్రాథమిక అంచనా తరువాత పెద్దలుగా విచారించేందుకు అనుమతించింది. ఈ మార్పు మీద జరిగిన చర్చ విస్తారమైనది. అదే చట్టంలోని రెండు సెక్షన్లు మాత్రం తగినంత దృష్టికి రాలేదు. ఇరవై ఒక్క ఏళ్లు నిండినప్పుడు ఆ వ్యక్తిలో సంస్కరణాత్మకమైన మార్పు వచ్చిందా లేదా బాలల న్యాయస్థానం పరిశీలించాలనీ, మార్పు వస్తే పర్యవేక్షణతో విడుదల చేయవచ్చుననీ, లేకుంటే మిగిలిన కాలానికి కారాగారానికి పంపవచ్చుననీ 20వ సెక్షను చెబుతుంది. మరణశిక్షను, విడుదలకు అవకాశం లేని యావజ్జీవ శిక్షను 21వ సెక్షను నిషేధిస్తుంది.

వల్లభాపురం రవి వ్యాజ్యంలో ఎవరికీ తోచని ప్రత్యామ్నాయం ఇదే. ఇది యాంత్రిక విడుదల కాదు, యాంత్రిక నిర్బంధమూ కాదు. ఎదిగిన మనిషిని న్యాయస్థానం మళ్లీ చూడడం. అయితే ఈ ఏర్పాటుకు రెండు పరిమితులున్నాయి. ఇరవై ఒకటో ఏట కారాగారానికి వెళ్లినవాడిని తరువాత ఎప్పుడు మళ్లీ పరిశీలించాలో చట్టం చెప్పదు. రెండవది, పద్దెనిమిదేళ్లు దాటిన మర్నాడు నేరం చేసినవాడికి ఇందులో ఏ భాగమూ లేదు. బోర్‌స్టల్ చట్టం ప్రత్యేకంగా గుర్తించిన పద్దెనిమిది–ఇరవై ఒకటి మధ్య వయసు, ఘోరనేరాల విడుదల విషయంలో, వందేళ్ల తరువాత ఎవరికీ పట్టనిదైంది.

6. ఒక పోలిక: అమెరికా అనుభవం

ఈ పట్టని వయసు గురించి ఇటీవల అత్యంత విస్తృతంగా చర్చించిన దేశం అమెరికా. పద్దెనిమిదేళ్లలోపు చేసిన నేరాలకు సైతం పెరోల్ లేని యావజ్జీవ శిక్షను విస్తారంగా అమలుచేసిన దేశమూ అదే. అక్కడి సుప్రీంకోర్టు 2005లో రోపర్ తీర్పుతో పద్దెనిమిదేళ్లలోపు నేరాలకు మరణశిక్షను, 2010లో గ్రహమ్ తీర్పుతో హత్యేతర నేరాలకు పెరోల్ లేని యావజ్జీవాన్ని నిషేధించింది. పరిణతిని, సంస్కరణను నిరూపించుకుని విడుదల పొందేందుకు అర్థవంతమైన అవకాశం ఉండాలన్నది గ్రహమ్ తీర్పు సారం. 2012 నాటి మిల్లర్ తీర్పు హత్య విషయంలోనూ ఆ శిక్షను తప్పనిసరి చేయరాదన్నది.

అవకాశానికీ విడుదలకూ మధ్య దూరం ఎంతటిదో హెన్రీ మాంట్‌గోమరీ జీవితం చెబుతుంది. 1963లో పదిహేడేళ్ల వయసులో లూసియానాలో ఒక పోలీసు అధికారిని చంపిన అతని పేరు మీదనే, మిల్లర్ తీర్పు పాత శిక్షలకూ వర్తిస్తుందన్న నిర్ణయం 2016లో వచ్చింది. పెరోల్ మండలి అతణ్ణి రెండుసార్లు తిరస్కరించింది. 2021 నవంబరులో, 75 ఏళ్ల వయసులో, అతడు బయటికి వచ్చాడు. అదే ఏడాది జోన్స్ వర్సెస్ మిసిసిపీ తీర్పు, బాలనేరస్థుడు సంస్కరణకు అతీతుడని ప్రత్యేకంగా నిర్ధారించకుండానే న్యాయమూర్తి ఆ శిక్ష విధించవచ్చునని చెప్పి, ముందటి తీర్పుల బలాన్ని తగ్గించింది.

రాష్ట్రాల స్థాయిలో మాత్రం వేరొక ధోరణి ఉంది. కాలిఫోర్నియా 2013లో పద్దెనిమిదేళ్లలోపు నేరం చేసి దీర్ఘశిక్ష పొందినవారికి ప్రత్యేక పెరోల్ విచారణ ఏర్పరచింది. 2015లో ఆ పరిమితిని ఇరవై మూడేళ్లలోపుకు, 2017లో ఇరవై అయిదేళ్ల వరకు పెంచింది. శిక్షను బట్టి పదిహేను, ఇరవై లేదా ఇరవై అయిదో ఏట విచారణ జరుగుతుంది. నేరం నాటి యౌవనానికి, తరువాతి ఎదుగుదలకు మండలి అధిక ప్రాధాన్యం ఇవ్వాలి. పద్దెనిమిదేళ్ల తరువాత చేసిన నేరానికి పెరోల్ లేని యావజ్జీవ శిక్ష పడినవారికి ఇది వర్తించదు. మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం 2024లో పద్దెనిమిది నుంచి ఇరవై ఏళ్లవారికి కూడా పెరోల్ లేని యావజ్జీవ శిక్ష విధించరాదని తీర్పు చెప్పింది. మెదడు ఎదుగుదలపై జరిగిన పరిశోధనలు ఈ మార్పులకు ఆధారం. ఎదుగుదల పద్దెనిమిదితో ఆగదన్న ఆ నిర్ణయాన్ని, శాస్త్రాధారం లేకుండానే, 1925 నాటి మద్రాసు చట్టం పాలనానుభవంతో గుర్తించింది. ఒకచోట కొత్తగా చేరుకున్న గీత మరోచోట పాతబడి చెరిగిపోయింది.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. కౌమారాన్ని ప్రత్యేక దశగా గుర్తించి విడుదలను దానితో ముడిపెట్టే ఆలోచన ఆంధ్రదేశపు చట్టచరిత్రకు కొత్తది కాదు. 433-ఎ సెక్షను, వల్లభాపురం రవి తీర్పు కలిసి ఘోరనేరాల విషయంలో ఆ ముడిని తెంచిన తరువాత విడుదల వయసుతో నిమిత్తం లేని దయగా మిగిలింది. 2015 చట్టం పునఃపరిశీలన అన్న మధ్యేమార్గాన్ని తెచ్చినా, దానిని పద్దెనిమిదేళ్ల లోపువారికే, అదీ ఒక్కసారికే పరిమితం చేసింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 475వ సెక్షనులో పద్నాలుగేళ్ల నియమాన్ని యథాతథంగా కొనసాగించింది. నేరం నాటి వయసు ప్రస్తావన అందులోనూ లేదు.

హతుడి కుటుంబానికి పోయిన మనిషి ఏ పరిశీలనతోనూ తిరిగి రాడు. ఆ నష్టాన్ని తక్కువ చేసే వాదన ఏదీ నిలవదు. పునఃపరిశీలన అంటే విడుదల కాదు. మారాడో లేదో చూడడానికి ఒప్పుకోవడం మాత్రమే. మారలేదని తేలితే నిర్బంధం కొనసాగించడానికి చట్టానికి మునుపటికంటె బలమైన కారణం దొరుకుతుంది. చూడకుండానే కొనసాగించినప్పుడు ఆ కారణం ఉండదు. క్షమాభిక్ష అన్న సమాసంలో భిక్ష స్థానంలోకి విచారణ రావలసి ఉంది. యావజ్జీవం అన్న మాటకు శబ్దార్థం ఒకటి, జనం చెప్పుకునే అర్థం మరొకటిగా ఇన్నేళ్లు నిలవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఎంతటి శిక్షకైనా ఒక గడువు ఉంటుందన్న నమ్మకాన్ని జనవ్యవహారం వదులుకోలేదు.